తెలుగు రచయిత్రుల నవలల్లో కుటుంబ రహస్యం

తెలుగు రచయిత్రులు వ్రాసిన నవలల్లో కుటుంబ రహస్యం ఒక ప్రధానమైన కథాసూత్రం. ఒక ఇంటిలో దాచబడిన పెళ్ళి, జన్మవృత్తాంతం, పాత పగ లేదా ఆస్తి తగాదా క్రమంగా బయటపడడం ఈ తరహా నవలల్లో ఉత్కంఠకు ఆధారం. 1950ల నుండి 1980ల వరకు వార, మాస పత్రికలలో వెలువడిన సీరియల్ నవలల్లో ఈ ధోరణి బాగా కనిపిస్తుంది. వీటిలో అనేకం చలనచిత్రాలుగా కూడా వచ్చాయి. అపరాధ పరిశోధన నవలలో నేరస్థుడెవరన్నది ప్రశ్న కాగా, ఈ నవలల్లో నిజం ఎప్పుడు బయటపడుతుంది, బయటపడితే ఆ ఇంటిలో స్త్రీ స్థానం ఏమవుతుంది అన్నవి ముఖ్యమైన ప్రశ్నలు.

నేపథ్యం

ఆధునిక తెలుగు వచన సాహిత్యంలో స్త్రీల రచనలు ఇరవయ్యవ శతాబ్ది తొలి సంవత్సరాల నుండి కనిపిస్తాయి. భండారు అచ్చమాంబ (1874-1905) కథలు, జయంతి సూరమ్మ నవల "సుదక్షిణా చరిత్రము" (1906) ఈ కోవలో తొలినాటివి. ఆ కాలపు రచనల్లో స్త్రీవిద్య, సంస్కరణ ప్రధానాంశాలు. బెంగాలీ నవలల అనువాదాలు, ముఖ్యంగా చక్రపాణి వంటివారు తెలుగులోకి తెచ్చిన శరత్‌చంద్ర నవలలు, ఉమ్మడి కుటుంబంలోని ఒడిదుడుకులను కథావస్తువుగా స్వీకరించే అలవాటును పాఠకులలో పెంచాయి.

1950లలో తెలుగులో డిటెక్టివ్ నవలలు విరివిగా వెలువడ్డాయి. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ పాత్ర ఎంతో ప్రసిద్ధి పొందింది. ఆ నవలల్లో పరిశోధకుడు బయటినుండి వచ్చి, చిక్కుముడి విప్పి వెళ్ళిపోతాడు. రచయిత్రుల నవలల్లో ఆ పని చేసేది సాధారణంగా ఆ ఇంటి కోడలో, కూతురో, ఆశ్రయం పొందిన అనాథ బాలికో అవుతుంది. నిజం తెలిసిన తరువాత కూడా ఆమె ఆ ఇంటిలోనే బ్రతకవలసి ఉంటుంది. ఈ రెండు తరహా నవలలకు గల ముఖ్యమైన భేదం ఇదే.

పత్రికలు, సీరియల్ పద్ధతి

ఆంధ్రప్రభ, ఆంధ్రపత్రిక, ఆంధ్రజ్యోతి వారపత్రికలు, జ్యోతి, యువ వంటి మాసపత్రికలు రచయిత్రుల నవలలను ధారావాహికలుగా ప్రచురించాయి. స్వాతి మాసపత్రిక 1970లోను, వారపత్రిక 1984లోను ప్రారంభమయ్యాయి. నెలకొక నవలను ప్రచురించే చతుర 1978లో మొదలై 2021 వరకు వెలువడింది. పోటీలు నిర్వహించి బహుమతులివ్వడం వలన కూడా కొత్త రచయిత్రులు వెలుగులోకి వచ్చారు.

సీరియల్‌లో ప్రతి భాగం చివర పాఠకుని తరువాతి సంచికకై ఎదురుచూసేటట్లు చేయవలసి ఉంటుంది. ఒక పాత ఉత్తరం, పెట్టెలో దొరికిన ఛాయాచిత్రం, పేరు చెప్పని అతిథి, మరణశయ్యపై ఉన్న పెద్దల సగం మాట వంటివి ఇందుకు తరచు ఉపకరించాయి. హత్య, దోపిడి అవసరం లేకుండానే ఉత్కంఠ కలిగించడానికి కుటుంబ రహస్యం అనువైన సాధనమైంది. చాలా సందర్భాలలో రహస్యం పాఠకులకు ముందే తెలిసిపోతుంది. తెలియనిది నాయికకు మాత్రమే. ఆమెకు ఎవరు చెబుతారు, ఎప్పుడు చెబుతారు అన్న ఆతురతే కథను నడిపిస్తుంది.

రహస్యాల రకాలు

ఈ నవలల్లో కనిపించే రహస్యాలను స్థూలంగా ఈ విధంగా విభజించవచ్చు.

జన్మ రహస్యం: పెంపకపు బిడ్డకు తన కన్నవారెవరో తెలియకపోవడం, వివాహం కాకుండా కలిగిన సంతానాన్ని దాచిపెట్టడం.

వివాహ రహస్యం: భర్తకు మునుపే మరొక పెళ్ళి జరిగి ఉండడం, పెద్దల అనుమతి లేని వివాహాన్ని దాచడం.

త్యాగ రహస్యం: కుటుంబం కోసం నాయిక చేసిన పని వెనుక గల కారణాన్ని ఎవరికీ చెప్పకుండా నిందను భరించడం. అపార్థం మీద నడిచే కథలు ఎక్కువగా ఈ రకానికి చెందినవి.

బంధుత్వ రహస్యం: పాత తగాదా వలన విడిపోయిన అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ పిల్లలు ఒకరినొకరు ఎరుగకుండా కలుసుకోవడం. మేనరికం ఆచారంగా ఉన్న తెలుగు సమాజంలో ఈ కథాంశానికి ప్రత్యేకమైన ఆకర్షణ ఉన్నది.

చట్టాల ప్రభావం

ఈ నవలల ఆవిర్భావ కాలం హిందూ కుటుంబ చట్టాలు మారిన కాలం కూడా. కోస్తా, రాయలసీమ ప్రాంతాలు భాగంగా ఉన్న నాటి మద్రాసు రాష్ట్రంలో 1949లోనే ద్విభార్యాత్వ నిషేధ చట్టం వచ్చింది. 1955 నాటి హిందూ వివాహ చట్టం ఏకపత్నీత్వాన్ని దేశమంతటా హిందువులకు వర్తింపజేసింది. అంతకు పూర్వం బహిరంగంగా సాగిన రెండవ పెళ్ళి ఆ తరువాత దాచవలసిన విషయంగా మారింది. రెండవ భార్య హక్కులు ప్రశ్నార్థకమయ్యాయి. నవలల్లో బయటపడే తొలి భార్య పాత్రకు అంత బలం ఉండడానికి ఇదొక కారణంగా భావించవచ్చు.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం తండ్రి స్వార్జితంలో కుమార్తెకు వాటా కల్పించింది. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమారునితో సమానంగా కుమార్తెకు హక్కునిచ్చే సవరణను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1986లో తెచ్చి, 1985 సెప్టెంబరు 5 నుండి అమలులోకి వచ్చేటట్లు చేసింది. దీనికి సమానమైన కేంద్ర సవరణ 2005లో వచ్చింది. గర్భస్రావాన్ని కొన్ని పరిస్థితులలో అనుమతించే చట్టం 1971లో ఆమోదం పొందింది. ఆ చట్టానికి ముందు తరం నవలల్లో అవివాహిత మాతృత్వం అంత భయంకరమైన రహస్యంగా ఎందుకు కనబడుతుందో గ్రహించడానికి ఈ నేపథ్యం ఉపకరిస్తుంది.

ముఖ్య రచయిత్రులు, రచనలు

మాలతీ చందూర్ "చంపకం-చెదపురుగులు" (1955) మధ్యతరగతి ఇంటి ఆడపిల్ల జీవితాన్ని చిత్రించిన నవల. ఆంధ్రప్రభలో ఆమె దీర్ఘకాలం నిర్వహించిన "ప్రమదావనం" శీర్షికలో పాఠకురాళ్ళు తమ ఇంటి సమస్యలను ఉత్తరాల ద్వారా తెలిపి సలహాలు కోరేవారు. నవలల్లో కల్పనగా కనిపించిన సమస్యలు ఇండ్లలో వాస్తవంగా ఉన్నవేనని ఆ శీర్షిక వలన తెలుస్తుంది. "పాత కెరటాలు" శీర్షికతో ఆమె విదేశీ నవలలను తెలుగు పాఠకులకు పరిచయం చేసింది. "హృదయనేత్రి" నవలకు 1992లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది.

కోడూరి కౌసల్యాదేవి "చక్రభ్రమణం" ఆంధ్రప్రభ నవలల పోటీలో ప్రథమ బహుమతి పొందింది. సోదరి వంటి స్త్రీతో ఒక వైద్యునికి గల స్నేహాన్ని లోకం, ఇంటివారు అనుమానించడం ఇందులోని ఇతివృత్తం. ఇక్కడ దాచిన దోషమేదీ లేదు. లేని రహస్యాన్ని ఉన్నదని నమ్మడమే అనర్థానికి మూలం.

యద్దనపూడి సులోచనారాణి (మరణం 2018) నవలలు అసాధారణమైన పాఠకాదరణ పొందాయి. జ్యోతి మాసపత్రికలో వెలువడిన "సెక్రటరీ" ఆమెకు ప్రఖ్యాతి తెచ్చింది. "మీనా" నవలలో ఐశ్వర్యం గల తల్లి దూరంగా ఉంచిన బంధువుల ఇంటికి వెళ్ళిన కుమార్తె, ఆ దూరానికి గల కారణాలను స్వయంగా తెలుసుకుంటుంది.

సి. ఆనందారామం నవలా రచయిత్రి మాత్రమే గాక పరిశోధకురాలు కూడా. తెలుగు నవలల్లో కుటుంబ జీవనం అనే అంశంపైనే ఆమె డాక్టరేటు పొందడం గమనార్హం.

డి. కామేశ్వరి "కొత్తమలుపు" ఈ తరహా నవలల్లో ఒక మార్పును సూచిస్తుంది. ప్రేమ పేరుతో మోసగించిన యువకుని ఒక యువతి న్యాయస్థానానికి ఈడుస్తుంది. ఆమె పక్షాన వాదించే మహిళా న్యాయవాది గతంలో ఆ యువకుని తండ్రి చేతనే మోసపోయినది. అంతవరకు ఇంటిలో దాచి ఉంచిన రహస్యాన్ని స్త్రీ తానై పదుగురి ముందు చెప్పడం ఇందులోని విశేషం. రహస్యం బయటపడితే పరువు పోయేది స్త్రీదేనన్న పాత సూత్రం ఇక్కడ తలక్రిందులైనది.

చలనచిత్రాలు

డాక్టర్ చక్రవర్తి (1964): "చక్రభ్రమణం" ఆధారం. దర్శకుడు ఆదుర్తి సుబ్బారావు. ఉత్తమ చిత్రంగా నంది పురస్కారం పొందింది.

విచిత్ర బంధం (1972): యద్దనపూడి "విజేత" ఆధారం.

మీనా (1973): దర్శకురాలు విజయనిర్మల. తెలుగులో ఆమె దర్శకత్వం వహించిన తొలి చిత్రం. 2016లో వచ్చిన "అ ఆ" చిత్రానికి ఈ కథతో గల పోలికలు చర్చకు వచ్చాయి.

జీవన తరంగాలు (1973): యద్దనపూడి నవల ఆధారం. పోలీసుల నుండి తప్పించుకొనే కొడుకు, అది తన తల్లి శవమని తెలియకుండానే పాడె మోసే సన్నివేశం ఇందులో ప్రసిద్ధం.

జ్యోతి (1976): సి. ఆనందారామం నవల ఆధారం. దర్శకుడు కె. రాఘవేంద్రరావు.

న్యాయం కావాలి (1981): "కొత్తమలుపు" ఆధారం. దర్శకుడు ఎ. కోదండరామిరెడ్డి.

తెలంగాణ ప్రాంతం

తెలంగాణ రచయిత్రులలో మాదిరెడ్డి సులోచన, పోల్కంపల్లి శాంతాదేవి కుటుంబ ఇతివృత్తాలతో అనేక నవలలు వ్రాశారు. వరంగల్ ప్రాంతంలో గ్రంథాలయోద్యమానికి పాత చరిత్ర ఉన్నది. హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం 1904లోనే ఏర్పడింది. అయినప్పటికీ చిట్యాల, పాలకుర్తి వంటి గ్రామీణ ప్రాంతాలలో స్త్రీల అక్షరాస్యత తక్కువగా ఉండడం వలన, ఈ నవలల పాఠకులు ప్రధానంగా చదువుకున్న మధ్యతరగతికి చెందినవారే. పాత్రలు కూడా ఎక్కువగా ఆ వర్గానివే.

శ్రామిక, రైతు కుటుంబాల స్త్రీల మరుగుపడిన గాథలు నవలగా కాక మరొక రూపంలో వెలుగుచూశాయి. తెలంగాణ సాయుధ పోరాటంలో (1946-51) పాల్గొన్న స్త్రీల మౌఖిక కథనాలను స్త్రీశక్తి సంఘటన "మనకు తెలియని మన చరిత్ర" పేరుతో 1986లో ప్రచురించింది. చాకలి ఐలమ్మ వంటివారి మాటలు ఇందులో ఉన్నాయి. అజ్ఞాతవాసంలో కన్నబిడ్డను వదులుకోవలసి వచ్చిన తల్లి కథనం కూడా ఉన్నది. నవలల్లో ఉత్కంఠకు సాధనమైన బిడ్డ ఎడబాటు ఇక్కడ కల్పన కాదు. దశాబ్దాల పాటు వారిని అడిగినవారు లేనందువలన మాత్రమే అది రహస్యంగా మిగిలింది.

విమర్శ

ఈ నవలలు ఊహాలోకంలో విహరింపజేస్తాయని, మేడలు, కార్లు గల నాయకుని చుట్టూ తిరుగుతాయని పలువురు విమర్శకులు ఆక్షేపించారు. రహస్యం విడిపోగానే అపార్థం తొలగి, నాయిక తిరిగి అదే ఇంటిలో సర్దుకుపోవడం వలన మూలకారణం ప్రశ్నింపబడదన్నది మరొక అభ్యంతరం. రంగనాయకమ్మ తన నవలల్లో వివాహ వ్యవస్థనే సూటిగా ప్రశ్నించి ఇందుకు భిన్నమైన మార్గం అనుసరించింది.

మరోవైపు, స్త్రీలు ఇంత విస్తృతంగా వ్రాయడం, చదవడం ఒక సామాజిక పరిణామమని అమెరికాలో స్థిరపడిన రచయిత్రి నిడదవోలు మాలతి తన అధ్యయనాలలో చూపింది. కాకతీయ విశ్వవిద్యాలయంలో పనిచేసిన కాత్యాయనీ విద్మహే స్త్రీల సాహిత్య చరిత్రపై విశేష కృషి చేసింది. ఆమె "సాహిత్యాకాశంలో సగం" గ్రంథానికి 2013లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

ఇతర భాషలతో పోలిక

ఆంగ్లంలో షార్లెట్ బ్రాంటి "జేన్ అయిర్" (1847), డాఫ్ని డ్యు మారియే "రెబెక్కా" (1938) నవలల్లో కొత్తగా ఇంటిలో అడుగుపెట్టిన యువతి ఆ ఇంటి యజమాని మొదటి భార్య రహస్యాన్ని తెలుసుకుంటుంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల రచయిత్రులలో యుడోరా వెల్టీ, హార్పర్ లీ వంటివారు కుటుంబం, ఊరు దాచుకున్న విషయాలను కథావస్తువులుగా గ్రహించారు. అక్కడ జాతివివక్ష, బానిసత్వపు గతం నీడలా వెంటాడగా, తెలుగు నవలల్లో ఆ స్థానంలో పెళ్ళి, ఆస్తి, పరువు నిలుస్తాయి. కులం తరచు ఇంటిపేరు మాటున ఉండిపోతుంది.

తరువాతి కాలం

1980లలో క్షుద్రశక్తుల నేపథ్యం గల యండమూరి వీరేంద్రనాథ్ "తులసిదళం" వంటి నవలలు విశేషంగా అమ్ముడుపోవడంతో సీరియల్ ఉత్కంఠ స్వరూపం మారింది. ఆ నవలను రంగనాయకమ్మ తీవ్రంగా విమర్శించింది. స్త్రీవాద సాహిత్యం బలపడిన తరువాత, రహస్యాన్ని దాచి ఉంచే కథల కంటే దానిని తానై చెప్పుకొనే స్త్రీ గొంతుకు ప్రాధాన్యం పెరిగింది. పాత సీరియల్ నవలల కథనపద్ధతి మాత్రం టెలివిజన్ ధారావాహికలలో కొనసాగుతున్నది.