గంజి వార్చిన చేతులు

ప్రెషర్ కుక్కర్ రాకముందు తెలుగింటి వంటగదిలో ఎక్కువ భయపెట్టే పని గంజి వార్చడం. అన్నం కుతకుతలాడుతుండగా గిన్నె మీద సిబ్బి మూసి, రెండు చేతులా మసిగుడ్డ పట్టి, పక్కకు వంచాలి. గుడ్డ తడిసి ఉంటే వేడి సూటిగా చేతికెక్కుతుంది. సిబ్బి జారితే గంజి పాదాల మీద పడుతుంది. అది నీళ్లలా జారిపోదు. జిగటగా అంటుకుని కాలుస్తూనే ఉంటుంది.

మసిగుడ్డ, పటకారు, ఊదుగొట్టం వంట సామాను కిందే లెక్క. నిజానికి ఒళ్లు కాలకుండా కాపాడినవి అవే.

పొయ్యి మారినప్పుడల్లా గాయమూ మారింది. కట్టెల పొయ్యి దగ్గర చీరకొంగు భయం. స్వీడన్‌లో ఫ్రాన్స్ లిండ్‌క్విస్ట్ 1892లో తయారుచేసిన తరహా గాలి కొట్టే కిరసనాయిలు స్టవ్వులు మన ఊళ్లకూ చేరాక, ఉన్నట్టుండి ఎగసే మంట భయం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం పేద మహిళలకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చింది. గ్యాస్‌తో పాటు నేల మీది పొయ్యి గట్టెక్కింది. పాకే పిల్లలకు నిప్పు అందకుండా పోయింది, ఎంత మేలు! కానీ గట్టు అంచు పట్టుకుని నిలబడే పిల్లలకు గిన్నె కాడ అందసాగింది. కాడను గోడవైపు తిప్పి పెట్టడం అప్పటి నుంచే అవసరమైంది.

కుక్కర్ గంజి బాధ తీర్చి ఆవిరిని తెచ్చింది. ఆవిరి చర్మాన్ని తాకి నీరయ్యేటప్పుడు దాచుకున్న వేడినంతా వదులుతుంది. మరిగే నీళ్లకన్నా ఎక్కువ కాలుస్తుంది.

ఇక వైద్యం. సుశ్రుతసంహిత కాలిన గాయాల్ని ప్లుష్టం, దుర్దగ్ధం, సమ్యగ్దగ్ధం, అతిదగ్ధం అని నాలుగుగా విడదీసింది. ఆ కాలానికి అది గొప్ప పరిశీలన. అయితే అన్నిటికన్నా తేలికైన ప్లుష్టానికి చల్లదనం కాక సెగనే చూపమంది. నేటి వైద్యం దీనికి పూర్తిగా ఎదురు. లండన్ శస్త్రవైద్యుడు జేమ్స్ ఎర్ల్ 1799లోనే చల్లదనంతో చికిత్స గురించి పుస్తకం వేశాడు. మన ఇళ్లలో మాత్రం సిరా, వెన్న, దోసెల పిండి, ఆ తర్వాత టూత్‌పేస్టు రాజ్యమేలాయి. పూత కింద గాయం ఎంత లోతో డాక్టరుకు కనిపించదు.

అలా పూసినవారిని తప్పుపట్టడం అన్యాయం. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీసేసి 20 నిమిషాలు పారే నీళ్ల కింద చెయ్యి పెట్టాలంటే ఆ నీళ్లుండాలి కదా. ఒంటిచేత్తో బావిలోంచి ఎన్ని చేదలు తోడగలరు? కుళాయి వంటింట్లోకి వచ్చాకే ఆ పని చేతికందింది.