గాలికి దారి విడిచిన గోడలు: హిమాలయ దారుగృహాల కథ

కొయ్యకు వాన శత్రువు కాదు. తడిసిన కొయ్య తిరిగి ఆరగలిగితే శతాబ్దాలు నిలుస్తుంది. ఆరడానికి వీలు లేక చెమ్మలోనే మగ్గిపోతే కొద్ది ఏండ్లలో పుచ్చిపోతుంది. కొయ్యలో తేమ నూటికి 20 పాళ్లు మించి చాలాకాలం నిలిస్తే బూజు జాతి శిలీంధ్రాలు దానిని తినడం మొదలుపెడతాయని నేటి శాస్త్రజ్ఞులు చెబుతారు. ఈ లెక్క తెలియని కాలంలోనే, మంచు కురిసే హిమాలయ సానువులలోను, వాన వదలని కేరళ తీరంలోను భారతీయ వడ్రంగులు దాని సారాన్ని గ్రహించారు. గోడకు కొయ్య తొడుగు వేసినప్పుడు దాని వెనుక గాలి కదలడానికి చోటు విడిచారు. నేడు పాశ్చాత్య దేశాలలో ఇండ్ల వెలుపలి గోడలకు గాలి సందు విడిచి బిగించే చెక్క పలకల తొడుగులో పనిచేస్తున్న సూత్రం కూడా ఇదే.

దేవదారు

హిమాచల ప్రాంతపు గృహనిర్మాణానికి దేవదారు ప్రాణం. ఈ వృక్షం తెలుగు పాఠకులకు కొత్తది కాదు. రఘువంశం రెండవ సర్గలో శివుడు పుత్రునిగా స్వీకరించిన చెట్టుగా అది కనిపిస్తుంది. పెద్దన మనుచరిత్రలో ప్రవరుడు చూడబోయినది ఆ మంచుకొండలనే. ఆయుర్వేద మూలికల అంగళ్లలో దేవదారు చెక్క నేటికీ దొరుకుతుంది. ఆ చెక్కకు సువాసన నిచ్చే తైలమే పురుగును, శిలీంధ్రాన్ని దరిచేరనీయదు. అయితే ఈ గుణం చెట్టు నడిమి చేవకే ఉన్నది. బెరడును ఆనుకొని ఉండే లేత కొయ్యకు అంత మన్నిక లేదు. అందుచేత చేవ చూసి కొయ్యను ఎంచుకోవడం వడ్రంగి మొదటి విద్య అయింది.

చంబా ప్రాంతంలో భర్మౌర్ వద్ద నున్న లక్షణాదేవి ఆలయం సుమారు 7వ శతాబ్దంలో మేరువర్మ అనే రాజు కాలానికి చెందినది. శిల్పాలు చెక్కిన దాని ద్వారబంధం, లోపలి స్తంభాలు కొయ్యవే. మనాలిలోని హిడింబాదేవి ఆలయాన్ని 1553లో కులూ రాజు బహాదూర్ సింగ్ కట్టించాడు. ఒకదానిపై ఒకటిగా ఉన్న దాని నాలుగు కప్పులలో కింది మూడింటికి దేవదారు పలకలే పెంకులు. నాలుగున్నర శతాబ్దాలకు పైగా మంచును, ఎండను మార్చి మార్చి అనుభవించిన ఈ కట్టడం కొయ్య అల్పాయువు అనే నమ్మకాన్ని కాదంటున్నది.

కాఠ్-కుణీ గోడ

కులూ, సిమ్లా, కిన్నౌర్ ప్రాంతాలలో గోడ కట్టే పద్ధతిని కాఠ్-కుణీ అంటారు. కాష్ఠ, కోణ శబ్దాల నుండి వచ్చిన పేరిది. మూలలలో కొయ్యలు ఒకదానిపై ఒకటి ఎక్కి కూర్చోవడం వల్ల ఆ పేరు సార్థకమైనది. గోడ మందానికి లోపలి అంచున ఒకటి, వెలుపలి అంచున ఒకటి చొప్పున రెండు దూలాలను సమాంతరంగా పరుస్తారు. అవి ఎడం కాకుండా అక్కడక్కడ అడ్డకొయ్యలతో బంధిస్తారు. ఆ దూలాల వరుసపై ఒక రాతి వరుస, దానిపై మళ్లీ దూలాల వరుస వస్తుంది. రెండు ముఖాల నడుమ చిన్న రాళ్లు నింపుతారు. సున్నం గాని, మరే అడుసు గాని ఉండదు. అతుకులు కొయ్య చీలలతోనే నిలుస్తాయి.

అడుసు లేని ఈ గోడలో రాయికీ రాయికీ మధ్య సన్నని ఎడములు ఉంటాయి. గోడలోకి దిగిన నీరు వాటి గుండా కిందికి జారిపోతుంది. మిగిలిన చెమ్మను గాలి ఆర్చివేస్తుంది. నేలను ఆనుకొన్న భాగమంతా రాతి అరుగే. కొయ్య దాని పైనుండి మొదలవుతుంది గనుక, పేరుకొన్న మంచు కరిగినా నీరు కొయ్య మొదళ్లను ముంచదు.

పలకల తొడుగు

కింది అంతస్తు పశువులది, నడిమి అంతస్తు ధాన్యానిది, పై అంతస్తు మనుషులది. ఆ పై అంతస్తులోనే వడ్రంగి ప్రతిభ పూర్తిగా కనిపిస్తుంది. అక్కడ దూలాలు గోడను దాటి ముందుకు వస్తాయి. వాటిపై ఇంటి చుట్టూ కొయ్య వసారా ఏర్పడుతుంది. ఆ వసారా వెలుపలి ముఖాన్ని నిలువు పలకలతో కప్పి, నడుమ చిన్న గవాక్షాలు విడుస్తారు. వానను, మంచును మొదట ఎదుర్కొనేది ఈ పలకల తొడుగు. దానికీ లోపలి గోడకూ నడుమ ఉన్న వసారా ఒక గాలి పొర. చలికాలంలో లోపలి వెచ్చదనాన్ని అది కాపాడుతుంది. వాన వెలిసిన తరువాత పలకలు రెండు వైపులా ఆరడానికి తోడ్పడుతుంది. పాడైన పలకను ఒక్కదానినే ఊడదీసి కొత్తది బిగించవచ్చు. అసలు గోడను కదిలించవలసిన పని లేదు. ఈ తొడుగును పై నుండి కాపాడేది ముందుకు సాగిన పలకరాతి చూరు. మన పల్లెలలో తాటాకు చూరు మట్టిగోడకు చేసిన మేలునే అక్కడ ఆ చూరు కొయ్యకు చేస్తున్నది.

1905 పరీక్ష

1905 ఏప్రిల్ 4వ తేదీ ఉదయం కాంగ్రా లోయను పెను భూకంపం కుదిపివేసింది. సుమారు 20,000 మంది మరణించారు. కాంగ్రా పట్టణంలోని వజ్రేశ్వరీ ఆలయం నేలమట్టమైనది, ప్రాచీనమైన కోట శిథిలమైనది. భూగర్భ పరిశోధన శాఖకు చెందిన మిడిల్‌మిస్ ఈ విపత్తుపై రాసిన విపుల నివేదిక 1910లో వెలువడింది. కులూ లోయలోనూ నష్టం తక్కువ కాదు. బంజార్ సమీపంలోని చెహనీ కోఠీ అనే ఎత్తైన బురుజు తన పై అంతస్తులను కొన్నింటిని కోల్పోయింది. అయినా మిగిలిన భాగం నేటికీ నిలిచి ఉన్నది. 15వ శతాబ్దంలో కట్టినదని సంప్రదాయం చెప్పే నగ్గర్ కోట కూడా ఆ తాకిడిని తట్టుకొన్నది. కొయ్య వరుసలు గోడను ఒక పంజరంలా పట్టి ఉంచడం, అడుసు లేని రాళ్లు కొద్దిగా కదిలి ఊపును తమలో ఇముడ్చుకోవడం ఇందుకు కారణాలు. 1991 అక్టోబరులో ఉత్తరకాశీ భూకంపం వచ్చినప్పుడు యమునా లోయ ఎగువన ఉన్న బహుళ అంతస్తుల పాత కొయ్య ఇండ్లు ఈ సత్యాన్ని మరొకసారి చాటాయి.

చేతులు మారిన అడవి

ఇంతటి విద్య క్షీణించడానికి మొదటి కారణం వడ్రంగుల లోపం కాదు, అడవి చేతులు మారడం. 19వ శతాబ్ది మధ్యకాలం నుండి రైలుమార్గాల కింద పరిచే దిమ్మల కోసం దేవదారు వనాలను విస్తారంగా నరికారు. దుంగలను బియాస్, రావి, చీనాబ్, సట్లెజ్ నదులలో వదిలి మైదానాలకు చేర్చారు. 1865లోను, తరువాత 1878లోను వచ్చిన అటవీ చట్టాలు అడవిపై ప్రభుత్వాధికారాన్ని స్థిరపరిచాయి. తన ఇంటికి ఒక చెట్టు కొట్టుకోవడానికి గ్రామస్థుడు అనుమతి పొందవలసి వచ్చింది. స్వాతంత్ర్యానంతరం మిగిలిన అడవిని కాపాడడం నిజంగానే అవసరమైనది. అయితే కొయ్య అరుదై, వెల పెరిగి, సిమెంటు చౌకగా ఊరికి చేరడంతో కాఠ్-కుణీ ఇల్లు సామాన్యునికి అందని వస్తువైనది.

అగ్నిభయం రెండవ కారణం. 2008 జనవరిలో మలాణా గ్రామంలో చెలరేగిన మంటలు ఒక్క రాత్రిలో అనేక గృహాలను, దేవస్థానాన్ని బూడిద చేశాయి. కొయ్య ఇండ్లు ఒకదానినొకటి ఆనుకొని ఉన్న ఊరిలో నిప్పుకు హద్దు ఉండదు. పలకల వెనుక ఉన్న గాలి దారి చెమ్మకు మందు అయినట్లే మంటకు పొగగొట్టం కాగలదు. ఈ విద్యను మెచ్చేవారు ఈ లోపాన్ని దాచరాదు.

దక్షిణాది సాక్ష్యం

ఈ ఆలోచన కొండలకే పరిమితం కాదు. తిరువాన్కూరు రాజులకు 18వ శతాబ్ది చివరి వరకు రాజధానిగా ఉన్న పద్మనాభపురంలో, వారి ప్రాసాదపు మంత్రశాలకు వాలుగా అమర్చిన కొయ్య పట్టీలే గోడ. వాన వాటి మీదుగా బయటికి జారిపోతుంది. గాలి, మెత్తని వెలుతురు లోపలికి వస్తాయి. కేరళ గృహాలలో ధాన్యం దాచే ‘అర’ అనే గదిని పూర్తిగా కొయ్యతో కట్టి, నేల నుండి ఎత్తులో నిలిపి, కింద గాలి ఆడనిచ్చేవారు. ఆ ప్రాసాదం ఉన్న నేల 1956లో తమిళనాడు పరిధిలోకి వచ్చింది. కట్టడాన్ని కాపాడే బాధ్యత కేరళ ప్రభుత్వానిది.

నేటి పాఠం

నేటి పద్ధతిలో తొడుగు బిగించేవారు ముందుగా గోడకు నిలువు పట్టీలు కొట్టి, వాటిపై పలకలు బిగిస్తారు. వెనుక రెండు, మూడు సెంటీమీటర్ల సందు ఉంటుంది. ఆ సందును కిందా పైనా తెరిచి ఉంచి, పురుగులు చొరకుండా సన్నని జాలీ వేస్తారు. నేలకూ పలకకూ నడుమ జానెడు ఎడమైనా విడుస్తారు. అంతస్తు అంతస్తుకూ సందును అడ్డగించి, మంట పైకి పాకకుండా చూస్తారు. ఈ చివరి జాగ్రత్త ఒక్కటే పాత వడ్రంగికి కొత్తది.

పాత ఇండ్లను మరమ్మతు చేసేటప్పుడు మాత్రం ఈ వివేకం తరచు మరుగున పడుతున్నది. గోడ సందులను సిమెంటుతో పూడ్చడం, పలకలను దళసరి రంగుతో కప్పడం ఇంటిని బలపరచడమే ననే భావన ప్రబలింది. సిమెంటు కింద చిక్కిన చెమ్మ బయటికి పోలేక కొయ్యను లోలోపల తింటుంది. వెలుపల గోడ నున్నగా మెరుస్తుండగానే దూలం బోలు పడుతుంది. శతాబ్దాల మంచును, 1905 నాటి కంపాన్ని ఓర్చిన గోడను ఒక్క తరపు మరమ్మతు కూల్చగలదు. ప్రాచీన కట్టడాలను పరిరక్షించేవారు ముందుగా గుర్తించవలసినది ఇదే: పాత వడ్రంగి విడిచిన సందు అతడు మరిచిన పని కాదు, తెలిసి చేసిన పని. దానిని పూడ్చడానికి ముందు అది ఎందుకున్నదో తెలుసుకోవడం మన విధి.