శర్కర నుంచి షుగర్ వరకు: ఒక మాట ప్రయాణం

ఆంగ్లంలోని ‘షుగర్’ అనే పదానికి మూలం సంస్కృతంలోని ‘శర్కర’. ఈ మాటకు తొలి అర్థం తీపి పదార్థం కాదు; ఇసుక, గులకరాయి, రాతి పలుకు. మూత్రంలో పడే ఇసుక వంటి రాళ్లను ఆయుర్వేదం నేటికీ శర్కర అనే వ్యవహరిస్తుంది. చెరకు రసాన్ని కాచి పలుకులుగా మార్చే విద్య భారత ఉపఖండంలో రూపుదిద్దుకుంది. ఆ పలుకులు ఇసుకను పోలి ఉండటంతో అదే పేరు వాటికీ స్థిరపడింది. కౌటిల్యుని అర్థశాస్త్రం ఫాణితం, గుడం, మత్స్యండిక, ఖండం, శర్కరలను ఒకే వర్గంగా పేర్కొంది.

ఈ పదం రెండు దారుల్లో పడమటికి చేరింది. మొదటిది ప్రాచీన గ్రీకు మార్గం. పాళీలోని ‘సక్ఖర’ వంటి రూపం గ్రీకులో ‘సక్ఖరాన్’ అయింది. అది వైద్యానికి మాత్రమే వాడే వస్తువని 1వ శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ రాశారు. 1879లో కనుగొన్న కృత్రిమ తీపి పదార్థం ‘శాకరిన్’కు ఈ శాఖ నుంచే పేరు వచ్చింది.

రెండవది వర్తకుల మార్గం. పర్షియన్‌లో ‘షకర్’, అరబ్బీలో ‘సుక్కర్’ అయిన ఈ మాట, అరబ్బులు చెరకు సాగును విస్తరించిన సిసిలీ, స్పెయిన్‌ల మీదుగా ఐరోపాలో ప్రవేశించింది. ఇటాలియన్‌లో ‘జుక్కెరో’గా, ఫ్రెంచిలో ‘సుక్ర్’గా మారి, 13వ శతాబ్దం చివరికి ఆంగ్ల రాతల్లో కనిపించింది. స్పానిష్ వారి ‘అజూకర్’ పదం ముందున్న ‘అ’ అరబ్బీ ఉపపదం ‘అల్’ మిగిల్చిన గుర్తు. అందువల్ల ఆంగ్లం ఈ మాటను నేరుగా సంస్కృతం నుంచి తీసుకుందనడం సరికాదు. నడుమ పలు భాషల చేతులు మారాయి.

‘క్యాండీ’దీ ఇదే కథ. ముక్క అనే అర్థం గల ‘ఖండ’ పర్షియన్‌లో ‘కంద్’ అయి, అరబ్బీ, ఫ్రెంచి భాషల గుండా ఆంగ్లానికి చేరింది. బెల్లాన్ని సూచించే ‘జాగరీ’ మాత్రం దక్షిణ భారత తీరంలో పోర్చుగీసు వర్తకుల నోట మారిన శర్కరే.

తెలుగు ‘చక్కెర’ ప్రాకృతంలోని ‘సక్కర’ నుంచి వచ్చింది. ఆ లెక్కన చక్కెర, షుగర్ ఒకే తల్లి వేరు నుంచి పుట్టిన దాయాదులు. ‘ఆయనకు షుగర్ ఉంది’ అని తెలుగువారు నేడు మధుమేహం గురించి చెప్పుకొంటున్నారు. రాతి పలుకుగా బయలుదేరిన మాట, ఖండాలు చుట్టి, వ్యాధి పేరుగా ఇంటికి తిరిగి వచ్చింది.