అంకె నుంచి పేరు దాకా: గోదావరి సీమలో యుద్ధమృతుల స్మరణ

రాత్రి దాడికి బయలుదేరిన బాంబర్ విమానం తిరిగి రాకపోతే స్క్వాడ్రన్ దినచర్య పుస్తకంలో మిగిలేది కొద్దిపాటి సమాచారం: విమానం నంబరు, లేచిన వేళ, లక్ష్యం, లోపలున్నవాళ్ల పేర్లు. లాంకాస్టర్ రకం బాంబర్ అయితే సాధారణంగా ఏడుగురు. 1939–45 యుద్ధంలో బ్రిటిష్ బాంబర్ కమాండ్ 55,573 మందిని పోగొట్టుకుంది. వాళ్లలో వేలమందికి సమాధి లేదు. బ్రిటన్, ఐరోపా స్థావరాల నుంచి లేచి అలా ఆనవాలు దొరకని వైమానికుల కోసం, బాంబర్లవాళ్లనూ ఇతరులనూ కలిపి, ఇంగ్లండులోని రన్నీమీడ్‌లో స్మారకం కట్టి 1953లో ప్రారంభించారు. దాని గోడల మీద ఇరవై వేలకు పైగా పేర్లున్నాయి. మన వైపు ఆకాశంలో, అంటే దక్షిణ, తూర్పు ఆసియాలో, గల్లంతైన వైమానికుల పేర్లు సింగపూర్‌లోని క్రాంజీ స్మారకం మీద ఉన్నాయి. ఆ పుస్తకాల్లో పేర్లు రాసి ఉండబట్టే రాతి మీద చెక్కడం సాధ్యమైంది.

గోదావరి జిల్లాల యుద్ధ జ్ఞాపకంలో అంకెలకు కొదవ లేదు. పేర్ల దగ్గరే వెలితి.

1942 ఏప్రిల్ 6న కాకినాడ మీద బాంబులు పడ్డాయి. వేసినవి జపాన్ విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు. అదే రోజు విశాఖపట్నం మీదా దాడి జరిగింది. ఇది రాత్రి దాడి కాదు, పట్టపగలు జరిగింది. ర్యూజో ఉన్న జపాన్ అడ్మిరల్ ఒజావా నౌకాదళం ఆ కొద్ది రోజుల్లో బంగాళాఖాతంలో సుమారు ఇరవై వర్తక నౌకలను ముంచింది. ర్యూజో కూడా ఆ ఆగస్టులోనే సాలమన్ దీవుల దగ్గర మునిగిపోయింది. నౌకలకు ఇంత లెక్క ఉంది కానీ, రేవుల్లో పోయిన మనుషుల సంఖ్య ఒక్కో కథనంలో ఒక్కోలా కనిపిస్తుంది. ఏ అంకె సరైనదన్న వాదన కన్నా ఒక్క పేరును రుజువుతో నిలబెట్టడమే విలువైన పని అని నా అభిప్రాయం.

ఆ పని మొదలుపెట్టడానికి తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మించిన చోటు లేదు. అందరూ మిలిటరీ మాధవరం అనే ఊరది. మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండోదానికి 1,110 మంది వెళ్లారని ఊరివాళ్లు చెబుతారు. ఇది ఊరి నోట నిలిచిన లెక్క. దీన్ని కొట్టిపారేయకూడదు, పరిశీలించకుండా చరిత్రగానూ రాయకూడదు. పైగా ఇది వెళ్లినవాళ్ల లెక్క, తిరిగి రానివాళ్లది కాదు. ఈ రెంటినీ కలిపేసుకోవడం మన రాతల్లో తరచు జరిగే పొరపాటు.

కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాల్లో భారతీయ సైనికుల వివరాల దగ్గర చాలాచోట్ల తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా ఉంటాయి. అయినా తెలుగువాణ్ణి పట్టుకోవడం తేలిక కాదు. ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించుకుపోతుంది, లేదా పూర్తిగా ఎగిరిపోతుంది. వెంకటేశ్వర్లు అన్న పేరును ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయవచ్చో మనకు తెలుసు. జిల్లా పేరు మరో చిక్కు. పశ్చిమ గోదావరి 1925లో ఏర్పడింది. అంతకు ముందు 1904 నుంచి డెల్టా పడమటి తాలూకాలు కృష్ణా జిల్లాలో ఉండేవి. కాబట్టి మొదటి యుద్ధంలో పోయిన మాధవరం మనిషిని గోదావరి కింద వెతికితే దొరకకపోవచ్చు, కృష్ణా కింద కూడా చూడాలి. కాకినాడను కొకనాడా అని, ఏలూరును ఎల్లోర్ అని రాసిన కాలమది.

ఢిల్లీలో 2019లో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకం స్వాతంత్ర్యం తర్వాతి అమరులది. ఈ రెండు యుద్ధాల మనుషుల కోసం అక్కడ వెతకడం వృథా.

అందుకే పాత ఇళ్లలోని ట్రంకు పెట్టెలు ముందు తెరవాలి. పింఛను కాగితం చిరిగిపోయి ఉండవచ్చు, ఫొటో వెలిసిపోయి ఉండవచ్చు. పతకం ఉంటే మాత్రం ముఖం మీది రాజు బొమ్మను చూసి పక్కన పెట్టేయకండి. భారతీయ సైనికులకు ఇచ్చిన యుద్ధ పతకాల అంచు మీద సాధారణంగా సైనికుడి నంబరు, పేరు, దళం ఉంటాయి. మెత్తటి గుడ్డతో తుడిచి, వెలుతురులో తిప్పి చూడాలి. సైన్యం ఆ మనిషి పేరును ఏ స్పెల్లింగుతో రాసుకుందో అక్కడ తెలుస్తుంది. జాబితాలో వెతకాల్సింది ఆ స్పెల్లింగుతోనే.