కరీంనగర్ నుంచి గుంజాల దాకా: మన నేల మీద మూడు రాతలు



ఈమధ్య నా ఫోన్ తెరిస్తే చాలు, లావోస్ ట్రిప్ వీడియోలే వస్తున్నాయి. మెకాంగ్ నదిలో నామ్ ఖాన్ అనే ఏరు కలిసే చోట లువాంగ్ ప్రబాంగ్ అని ఒక పాత ఊరుంది. 1995లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. పొద్దున బౌద్ధ ఆలయాలు, మధ్యాహ్నం దగ్గర్లోనే క్వాంగ్ సీ జలపాతం. చూస్తుంటే పోవాలనిపిస్తుంది కదా? నాకూ అనిపించింది.

కానీ నేను పుట్టి పెరిగింది కరీంనగర్‌లో. పెద్ద నది, అందులో కలిసే వాగు, పాత బౌద్ధ స్తూపం, అడవిలో జలపాతం ఇవన్నీ మన దగ్గర లేవా? ఉన్నాయి. స్కూల్లో ఉన్నప్పుడు మమ్మల్ని గోల్కొండ తీసుకుపోయారు, చార్మినార్ చూపించారు. ఇంటి దగ్గర ఉన్నవి మాత్రం ఎవరూ చూపించలేదు. అందుకే ఈ ఎపిసోడ్‌లో మిమ్మల్ని నేనే తీసుకుపోతాను. కోటలు, గుళ్ళు అన్నీ తిరగం. మూడు చోట్లే ఆగుదాం. ఆ మూడు చోట్లా ఎవరో ఏదో రాసి పెట్టారు. ఆ రాతలే మన టూర్.

మొదటి చోటు బొమ్మలగుట్ట. కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే దారిలో, గంగాధర మండలం కురిక్యాల దగ్గర ఉంటుంది. ఎండ ఎక్కకముందే పోండి, రాయి తొందరగా కాలుతుంది. బండ మీద జైన దేవత చక్రేశ్వరి, తీర్థంకరుల బొమ్మలు చెక్కి ఉంటాయి. వాటి కింద ఒక శాసనం. వేయించినవాడు జినవల్లభుడు. ఇతని అన్న పంపడు, అంటే కన్నడిగులు ఆదికవిగా కొలిచే మహాకవి. అప్పట్లో వేములవాడను చాళుక్య రాజు రెండో అరికేసరి ఏలుతున్నాడు. పంపడు ఆయన ఆస్థాన కవి.

ఈ శాసనంలో మూడు భాషలున్నాయి. సంస్కృతం, కన్నడం, తెలుగు. తెలుగులో మూడు కంద పద్యాలున్నాయి. కాలం సుమారు క్రీ.శ. 945. నన్నయ భారతం మొదలుపెట్టింది 11వ శతాబ్దంలో. అంటే దాదాపు వందేళ్ళ ముందే, మన ఊరి గుట్ట మీద, స్కూల్లో మనం గణాలు లెక్కపెట్టిన అదే కందంలో తెలుగు పద్యం చెక్కారన్నమాట!

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటుంది. జినవల్లభుడు ఇక్కడ ఒక బసది కట్టించాడు, తోట వేయించాడు, చెరువు తవ్వించాడు. ఆ చెరువుకి పెట్టిన పేరు కవితాగుణార్ణవం. అది వాళ్ళ అన్న పంపడి బిరుదు. తమ్ముడు అన్న పేరును నీళ్ళకి పెట్టాడు. రాజుల యుద్ధాల మధ్య ఇలాంటి మాట ఒకటి దొరికితే చరిత్ర మన ఇంటి ముచ్చటలాగే ఉంటుంది.

ఇప్పుడు జగిత్యాల దాటి గోదావరి దిక్కు పోదాం. రెండో చోటు కోటిలింగాల. వెల్గటూర్ మండలంలో, పెద్దవాగు గోదావరిలో కలిసే చోట ఉంది. 1979 తర్వాత ఇక్కడ రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. శాతవాహనుల నాణేలు దొరికాయి. వాటిలో ఆ వంశానికి మొదటి రాజైన సిముకుడి పేరున్న నాణేలు కూడా ఉన్నాయి. వాటి మీద రాత బ్రాహ్మీ లిపిలో ఉంటుంది. శాతవాహనులకంటే ముందు ఈ ప్రాంతాన్ని ఏలిన గోబద, నారన లాంటి రాజుల నాణేలూ బయటపడ్డాయి. ఆ రాజుల పేర్లు మనకు తెలిసింది ఆ చిన్న బిళ్ళల వల్లనే. ఇక్కడికి దూరం కాని ధూళికట్టలో అదే కాలపు బౌద్ధ స్తూపం ఉంది. టైముంటే అదీ చూడండి.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు మా మేనమామ గోదారి ఒడ్డున దొరికిందని ఒక నల్లటి బిళ్ళ ఇచ్చాడు. దాని మీద ఏవో గీతలున్నాయి. నేనేం చేశాను? చింతపండు పెట్టి, ముగ్గుపిండితో రుద్ది రుద్ది తళతళలాడించాను. మెరిసింది గానీ గీతలు పోయాయి. తర్వాత బిళ్ళ కూడా ఎక్కడో పోయింది. అది పాత నాణెమో, ఉత్త రేకు ముక్కో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. కోటిలింగాల నాణేల గురించి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు ఎల్లంపల్లి ప్రాజెక్టు వెనుక నీళ్ళు ఈ ఒడ్డు దాకా వచ్చాయి. నీళ్ళు కావాలి, కాదనలేం. కానీ నీళ్ళ కిందికి పోయిన మట్టిని మళ్ళీ తవ్వి చదవలేం. బొమ్మలగుట్ట దిక్కు చూసినా అంతే. కరీంనగర్ గ్రానైట్‌కు ప్రపంచమంతా గిరాకీ. గుట్ట ఒకసారి పలకలైపోతే అంతే సంగతి.

సరే, ముందుకు పోదాం. రాయపట్నం దగ్గర గోదావరి దాటి, లక్సెట్టిపేట మీదుగా జన్నారం దారి పట్టండి. ఇక్కడి నుంచి టేకు అడవి మొదలవుతుంది. ఇది కవ్వాల్ పులుల అభయారణ్యం, బండి మెల్లగా నడపండి. ఉట్నూరు దాటి నార్నూరు మండలంలో గుంజాల అనే ఊరు మన మూడో చోటు.

గోండి భాషకు సొంత లిపి లేదని చాలామంది అనుకునేవారు. గుంజాలలో ప్రధాన్ కుటుంబాల దగ్గర పాత చేతిరాత పుస్తకాలు ఉన్నాయి. ప్రధాన్లంటే గోండుల వంశ కథలను తరతరాలుగా కిక్రి వాయిస్తూ పాడేవాళ్ళు. ప్రొఫెసర్ జయధీర్ తిరుమలరావు బృందం ఆ పుస్తకాల మీద పనిచేసింది. చూస్తే దానికి సొంత అక్షరాలున్నాయి! దాన్నే గుంజాల గోండి లిపి అంటున్నారు. 2018లో యూనికోడ్‌లో చేరింది. అంటే మీ చేతిలో ఉన్న ఫోన్‌లో కూడా ఆ అక్షరాలకు చోటుంది.

ఇది ఎందుకు మిగిలిందో ఆలోచించండి. దీనికి రాతి గుడి లేదు, రాజు కాపలా లేదు. ఎవరో ఒక పెద్దమనిషి మూట కట్టి ఇంట్లో దాచాడు. ఆయన తర్వాత ఆయన కొడుకు దాచాడు. అంతే!

తిరుగు ప్రయాణంలో నేరడిగొండ దగ్గర కుంటాల జలపాతం చూడండి. కడెం వాగు దాదాపు 45 మీటర్ల ఎత్తు నుంచి దూకుతుంది. వానాకాలం తర్వాత అందంగా ఉంటుంది. కానీ సెల్ఫీ కోసం బండల అంచుకి పోకండి, పాచి పట్టి జారుతుంది. అక్కడ ప్రాణాలు పోయినవాళ్ళున్నారు.

చివరగా మూడు మాటలు. ఒకటి, రాత ఉన్న రాయి మీద సున్నం, సుద్ద, నూనె ఏదీ రాయకండి. పొద్దున్నే ఏటవాలు ఎండలో ఫోటో తీస్తే అక్షరాలు వాటంతట అవే కనిపిస్తాయి. రెండు, పాత నాణెం దొరికితే రుద్దకండి, అమ్మకండి, పురావస్తు శాఖకో కలెక్టర్ ఆఫీసుకో చెప్పండి. మూడు, మీ ఇంట్లో అటక మీద పాత కాగితాల మూట ఉంటే పాత పేపర్లవాడికి వేసే ముందు ఒక్కసారి విప్పి చూడండి.

నేను రుద్దేసిన బిళ్ళ తిరిగి రాదు. మీది ఇంకా ఉంది కదా.

మీ ఊర్లో ఇలాంటి రాత ఏదైనా ఉంటే ఫోటో తీసి పంపండి, వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. ఉంటాను మరి, నమస్తే.