దవాఖానాలో దొరకవలసిన తసల్లీ

సర్కారు దవాఖానాకు పోయి వచ్చిన మనిషిని మనం మందులిచ్చారా అని అడుగుతాం. ఇంట్లో ఆడవాళ్ళు మాత్రం డాక్టరు మంచిగ మాట్లాడాడా అని అడుగుతారు. ఈ రెండో ప్రశ్న ఎంత ముఖ్యమో మన ప్రాంత చరిత్ర చూస్తే తెలుస్తుంది.

నిజాం ప్రభుత్వం 1846లో హైదరాబాదులో వైద్య పాఠశాల పెట్టినప్పుడు పాఠాలు ఉర్దూలోనే చెప్పేవారు. అక్కడ చదివిన వైద్యుడు తాను నేర్చిన మాటల్లోనే, ఉర్దూ తెలిసిన రోగికి జబ్బు సంగతి చెప్పగలిగేవాడు. తర్వాత బోధన ఇంగ్లీషుకు మారింది. వైద్యం పెరిగింది గాని చీటీ మీది రాత రోగికి దూరమైంది.

ఇక నొప్పి సంగతి. ఆపరేషనంటే భయపడని వారెవరు? మత్తుమందు ఎట్లా ఇస్తే ప్రాణాపాయం ఉండదో పరీక్షించడానికి 1888, 1889లలో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో హైదరాబాదులోనే క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి.

ఆడవాళ్ళ కష్టం వేరు. తన పరిచారిక కాన్పులో చనిపోయిందన్న బాధతో యువరాణి నీలోఫర్ తలపెట్టిన దవాఖానా 1953లో వెలిసింది.

ఖర్చు భారం తగ్గించే ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో మన అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఒకటి. ఉచిత వైద్యం ఒక ఎత్తయితే, దవాఖానాలో ఆరోగ్యమిత్ర పలకరించి దారి చూపడం మరో ఎత్తు. 2022 నవంబరులో మన వనపర్తికి ప్రభుత్వ వైద్య కళాశాల కూడా వచ్చింది.

ఇన్ని వచ్చినా ఒక లోటు ఉన్నది. కొన్నేళ్ళ కింద మా అమ్మ ఒక్కతే ఒక సర్కారు దవాఖానాకు పోయింది. పొద్దున పోతే మధ్యాహ్నానికి వంతు వచ్చింది. రోజుకు ఒకటే వేసుకోమని రాసిన మాత్రను మూడు పూటలా వేసుకొని, కళ్ళు తిరిగి పడిపోయింది. మందు మంచిదే. వంద మందిని చూడవలసిన డాక్టరునూ తప్పు పట్టలేను. కాని ఆ చీటీ చదివి ఆమెకు అర్థమయ్యే భాషలో ఒక్క మాట చెప్పేవారు లేకపోయారు. ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన కొడుకు నేను, ఆ రోజు బడిలో ఉన్నాను.

అందుకే మన సొసైటీ సభ్యులకు నా మనవి. అధికారుల అనుమతి తీసుకొని, వారానికి ఒక పూట ఇద్దరం చొప్పున దవాఖానాలో కూర్చుందాం. ఏ కులం వారైనా, ఏ మతం వారైనా, చీటీ చదివి చెబుదాం. దీనికి డబ్బు అక్కరలేదు, ఓపిక ఉంటే చాలు. మొదటి వారం నేను వస్తాను.