గోదావరి ఒడ్డున బేతాళుడు

దయ్యాల లోకంలో తిరుగుతూ చిక్కుముడులు విప్పే పరిశోధకుల కథలు పాశ్చాత్య దేశాల్లో బొమ్మల పుస్తకాలుగా ఏళ్ళ తరబడి వచ్చాయి. 1988లో అమెరికాలో మొదలైన 'హెల్‌బ్లేజర్' 2013 దాకా 300 సంచికలు నడిచింది. ఇటలీలో 1986లో 'డిలన్ డాగ్' పుట్టింది. మనకు అటువంటిది లేదా? లేకేం! అర్ధరాత్రి శ్మశానం, రాజు భుజాన శవం, చేత కత్తి, చెవిలో ఒక చిక్కు ప్రశ్న. చందమామ బేతాళ కథలు చదవని తెలుగువాడు మా తరంలో అరుదు.

ఆ కథల్లో విక్రమార్కుడు చేసేది ఒక విధంగా అపరాధ పరిశోధనే. ఎవరిది తప్పు, ఎవరి త్యాగం గొప్పది అన్నది అతను తేల్చాలి. అతనికి దొరికే సాక్ష్యమల్లా బేతాళుడి నోటిమాటే. సమాధానం తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే మౌనభంగమై శవం మళ్ళీ చెట్టెక్కుతుంది.

నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో మద్రాసు నుంచి చందమామను ప్రారంభించారు. 1952 నుంచి 1980లో కన్నుమూసేవరకు కొడవటిగంటి కుటుంబరావు గారు దాన్ని తీర్చిదిద్దారు. హేతువాది అయిన ఆయన చేతిలో దయ్యం కథ తర్కానికి బడి అయింది. మూలంలో ఉన్న కథలు ఇరవై అయిదే. అవి అయిపోయినా ఆ చట్రంలోనే కొత్త కథలు దశాబ్దాల పాటు వస్తూనే ఉన్నాయి. శవాన్ని మోసుకెళ్ళే రాజు బొమ్మను మన కళ్ళకు కట్టిన చిత్రకారుడు శంకర్ 2020లో, తొంభై ఏడో ఏట కాలం చేశారు. చందమామ కూడా ఇప్పుడు లేదు.

విక్రమార్కుడు అనగానే మనకు ఉజ్జయిని గుర్తొస్తుంది. కాని పదకొండో శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు రాసిన 'కథాసరిత్సాగరం' చూడండి. అందులో ఈ రాజు పేరు త్రివిక్రమసేనుడు, ఊరు గోదావరి ఒడ్డున ఉన్న ప్రతిష్ఠానం. అంటే మన మహారాష్ట్రలోని పైఠణ్! మన చంద్రపూర్ పక్కన పారే వార్ధా, వైనగంగతో కలిసి ప్రాణహిత అయి, సిరొంచ దగ్గర ఆ గోదావరిలోనే కలుస్తుంది. బేతాళుడు మనకు పరాయివాడు కాడు. మరాఠీవారికి అతను కథలో దయ్యం మాత్రమే కాదు, గ్రామదేవత కూడా. కొంకణంలోని ఆరవలిలో వేతోబాకు భక్తులు పెద్ద పెద్ద చెప్పులు సమర్పిస్తారు, రాత్రిళ్ళు ఊరికి కాపలా తిరిగే దేవుడని.

సోమదేవుడు తన కథలకు మూలం గుణాఢ్యుడి 'బృహత్కథ' అన్నాడు. గుణాఢ్యుడు శాతవాహన రాజు కొలువులోని పండితుడని ఐతిహ్యం. రాజుకు ఆరు నెలల్లో సంస్కృతం నేర్పుతానన్న శర్వవర్మతో పందెం కట్టి ఓడి, సంస్కృతం, ప్రాకృతం, దేశభాష మూడూ విడిచిపెట్టాడు. అడవిలో పైశాచీ నేర్చుకుని, సిరా దొరక్క తన నెత్తురుతో ఏడు లక్షల శ్లోకాలు రాశాడు. పిశాచాల భాష అని రాజు తిప్పి పంపాడు. గుణాఢ్యుడు ఒక్కొక్క పత్రం జంతువులకు చదివి వినిపిస్తూ అగ్నిలో వేశాడు. రాజు పరుగున వచ్చేసరికి మిగిలింది లక్ష.

ఇది ఐతిహ్యమే. అయినా లెక్క చూసుకుంటే ఒక మాట మిగులుతుంది. ఆ మిగిలిన పైశాచీ గ్రంథం కూడా నేడు లేదు. కథ సంస్కృతంలోకి, తెలుగులోకి, మరాఠీలోకి నడిచి బతికింది. భాష మాత్రం బతకలేదు.

మన ఇళ్ళలో పిల్లలకు బేతాళుడు తెలుసు, 'విక్రమ్-వేతాళ్'గా. 1985లో దూరదర్శన్ హిందీలో చూపించింది, బడిలో మరాఠీలో చెబుతారు. అందుకు సంతోషమే. కథకు ఏ భయమూ లేదు. భయమల్లా మన భాషకే.

మూలకథలో రాజు ఆఖరి ప్రశ్నకు జవాబు తెలియక మౌనం వహిస్తాడు. దానికి మెచ్చి బేతాళుడు, రాజును బలి ఇవ్వాలని చూస్తున్న భిక్షువు కుట్ర బయటపెట్టి ప్రాణం కాపాడతాడు. తెలియనప్పటి మౌనం రాజును రక్షించింది. మనకు తెలుగు తెలుసు. అటక మీది పాత చందమామ దింపి, రాత్రి పూట పిల్లలకు తెలుగులో ఒక్క కథ చదివి వినిపించగలం. తెలిసీ చెప్పకపోతే ఏమవుతుందో బేతాళుడు నెలనెలా మనకు చెప్పనే చెప్పాడు.